సబీనా అలక

పట్టుకున్నావా అని కింద నుంచి ఆయన, పట్టుకున్నా అని పైనుంచి ఆమె, ఆ మాట చెవిన పడ్డాకే ఆయన చేతులు వదిలాడు, చింతపండు మూట తలుపులో ఒకసారి ఇరుక్కుని, ఒక్క కుదుపుతో లోపలికి వచ్చి నా కాళ్ళ దగ్గర కూలబడింది. హిందూపురంలో రైలు ఎక్కేవాళ్ళకు మూట లేకపోతే ఏదో మరిచిపోయినట్టే ఉంటుంది కాబోలు, ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కాళ్ళకింద, తలమీద, ఒళ్ళో సర్దుకుంటున్నారు. ఆయన పేరు యల్లప్ప, ఆమె చౌడక్క, పెనుకొండలో దిగుతారు, ఇవన్నీ నేను అడగకుండానే ఆమె చెప్పింది, కాళ్ళు కాస్త అటు పెట్టుకోమ్మా అంటూ. పెట్టుకున్నాను. కిటికీ పక్కన చోటు, ఎండ ఇంకా ముదరలేదు, బండి కదిలింది, ధర్మవరం చేరగానే అమ్మ చేతి టీ తాగి ఎర్రప్ప షెడ్డుకు పోవచ్చు, మగ్గాలు ఆగకుండా తిరుగుతుంటే ఒకసారి చూసుకుని మురిసిపోవచ్చు, ఈ పొద్దు నాకు మనసు బాగుంది. పట్టుకున్నావా, పట్టుకున్నా. ఎంత చిన్న మాట. మా ఇంట్లో కూడా ఒకటి ఉండేది అట్లాంటిది.

నాయన పేరు ఇమాం. మేం దూదేకులవాళ్ళం, దూది ఏకే పని తాతతోనే పోయింది, నాయన ధర్మవరం చేరి కూలికి పట్టుచీరలు నేశాడు. గుంట మగ్గంలో కాళ్ళు దించుకుని నాయన ముందు, తెగిన పోగులు అతకడానికి అమ్మ వెనక. అమ్మ చెయ్యి పోగుల మధ్య ఉండగానే నాయన ఒకసారి కింద తొక్కుడుకర్ర తొక్కాడు, నేను పుట్టకముందు సంగతి, అమ్మ కుడిచేతి చూపుడువేలు అప్పటినుంచి పక్కకు తిరిగే ఉంది, అన్నం కలిపేటప్పుడు ఆ వేలొక్కటే ఎటో చూస్తూ ఉంటుంది. ఆ తర్వాత నాయన కాలు మోపే ముందు ప్రతిసారీ, చెయ్యి, అని అడిగేవాడు. అమ్మ, తీసినా, అనేది. అది వినపడితేనే కాలు కదిలేది. పొద్దు పొడిచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఇదే, చెయ్యి, తీసినా, చెయ్యి, తీసినా, ఆ మాట మధ్యనే మేం ఎక్కాలు చదివాం, తిన్నాం, జుట్లు పట్టుకున్నాం. అమ్మ తాడిమర్రిలో తన చెల్లెలి ఇంటికి పోయిన రోజున కూడా నాయన మగ్గంలో కూర్చుని చెయ్యి అని అడిగాడు, కాసేపు ఆగాడు, తనే సన్న గొంతుతో తీసినా అనుకుని తొక్కాడు. నేనూ మా చెల్లెలు భానూ తలుపు వెనక నోరు మూసుకుని నవ్వీ నవ్వీ కింద పడ్డాం. నాయన లేడు. మగ్గమూ లేదు, గుంట పూడ్చి ఆ చోట ఫ్రిజ్జు పెట్టారు, అది అప్పుడప్పుడూ గుర్రుమంటూ ఉంటుంది, అమ్మ దాని పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటుంది.

ఆ మాటనే నేను మిషన్‌లోకి ఎక్కించాను, ఎక్కించానని ఎంత మిడిసిపడ్డానో. హిందూపురంలో కుమారస్వామి సార్ వర్క్‌షాపు, మరమగ్గాలకు కంట్రోలు డబ్బాలు చేస్తాం, అరచేతిలో పట్టేంత చిప్పు, దాంట్లో నడిచే ప్రోగ్రాం నాది, సీ అనే కంప్యూటర్ భాషలో. పోగు తెగితే మగ్గం తనంతట తనే ఆగుతుంది, వెనకాల ఒకమ్మాయి చెయ్యి దూర్చి పోగు అతుకుతుంది, ముందున్న అమ్మాయి బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. ధర్మవరంలో ఎర్రప్ప షెడ్డులో ఆ వెనకమ్మాయి మా భాను, ముందమ్మాయి పవిత్ర. ఆ రొదలో చెయ్యి అని అరిచినా వినపడదు, తీసినా అని అరిచినా వినపడదు, మగ్గాలన్నీ ఒక్కసారి తిరుగుతుంటే మనిషి గొంతు పెదవి దాటదు. అందుకని వెనకాల ఇంకో బటన్ పెట్టాను. పవిత్ర ముందు నొక్కగానే డబ్బా వెనక బటన్ కోసం చూస్తుంది, భాను చెయ్యి తీసి అది నొక్కితేనే మోటారు. భాను దాన్ని చూసి, నాయన గొంతును దీంట్లో గూడా పెట్టినావా తల్లీ అంది. నవ్వుతూనే అంది గానీ దాని కళ్ళు తడిశాయి, నేను చూశాను, చూడనట్టు వైర్లు సర్దుకున్నాను.

చౌడక్క మరమరాలు తీసి చేతిలో పోసింది, వద్దన్నా పోసింది, తింటున్నాను. బయట రేగడి కాదు, ఎర్రమట్టి, వేరుశనక్కాయ పీకేసిన చేలు, గొర్రెలు, గొర్రెల వెనక గొడుగు పట్టుకున్న మనిషి. నాలుగైదు లైన్ల పని అది, ప్రోగ్రాంలో, బటన్ కోసం ఎదురుచూసేది, దానికి చెయ్యి తీసినావా అనే పేరే పెట్టాను, ఇంగ్లీషు అక్షరాల్లో, చూసినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది. దాని జవాబు మీద ఒక అసర్ట్ పెట్టాను. అసర్ట్ అంటే ప్రోగ్రాం నడుమ మనం పెట్టుకునే ఒట్టు లాంటిది, ఇక్కడికి వచ్చేసరికి ఈ సంగతి నిజమై ఉండాలి, కాకపోతే ముందుకు అడుగు వెయ్యకు, ఉన్నచోటే నిలబడు. పెద్ద కంప్యూటర్లకు అది రెడీమేడ్‌గా దొరుకుతుంది, మా బుల్లి చిప్పుకు కుదరదు, కాబట్టి నేనే రాసుకున్నాను, మాక్రోగా. మాక్రో అంటే ఒక పొట్టి పేరు, మనం రాసినదాన్ని చిప్పు భాషలోకి మార్చే కంపైలరు అసలు పని మొదలుపెట్టకముందే ఆ పేరున్న ప్రతిచోటా దాని పూర్తి పాఠం వచ్చి కూర్చుంటుంది. నా అసర్ట్‌కు బ్రాకెట్లో ఏది ఇస్తే దాన్ని అడుగుతుంది, అబద్ధమైతే మోటారుకు కరెంటు తీసేసి చిన్న తెరమీద ఆ లైన్ నంబరు వేస్తుంది. ఇఫ్‌కింద పెట్టినా ఎల్స్ తెగిపోకుండా చుట్టూ ఒక్కసారే తిరిగే లూపు చుట్టాను, చివర సెమికోలన్ సరిగ్గా అతికేటట్టు. ఎంత ముచ్చటగా వచ్చిందో. కొత్తగా చేరిన ఇద్దరికి బోర్డు మీద రాసి చూపించాను, అసర్ట్‌లో అడగాలే గానీ పని చేయించకూడదు అని మా కాలేజీలో సార్ చెప్పిన మాట కూడా వాళ్ళకు చెప్పాను, వేలు ఆడిస్తూ మరీ చెప్పాను.

అడగాలే గానీ పని చేయించకూడదు.

నమలడం ఆపాను. చెయ్యి తీసినావా అనేది అడగడమా, పనా. అది బటన్ కోసం నిలబడి చూస్తుంది. చూడడం పని. దాన్ని నేను విడిగా పిలిచి, జవాబును ఒక పేరులో పెట్టుకుని, ఆ పేరును అసర్ట్‌కు ఇచ్చానా, లేకపోతే పిలవడాన్నే అసర్ట్ బ్రాకెట్లో పెట్టేశానా. విడిగా పిలిచాను. పిలిచే ఉంటాను. రెండు లైన్లు, పైన పిలుపు, కింద అసర్ట్, కళ్ళకు కడుతున్నాయి. కళ్ళు ఇంకోసారి మూస్తే ఒక్కటే లైను, బ్రాకెట్లో బ్రాకెట్టు, చివర రెండు మూతలు పక్కపక్కన, అదీ కళ్ళకు కడుతోంది, ఆ రెండు మూతలు ముచ్చటగా ఉన్నాయని అనుకున్న గుర్తు కూడా ఉంది. ఏది గుర్తు, ఏది ఇప్పుడు అల్లుకుంటున్నాను. రంజాన్ నెల అప్పుడు, సాయంత్రం, ఉపవాసంతో నోరు పిడచకట్టుకుపోయి, ఇఫ్తార్‌కు ముందే ముగించేయాలని తొందర, ఆ తొందరలో నేను రెండు లైన్లు రాసే మనిషినా. నా సంగతి నాకు తెలియదా.

మామూలుగా అయితే దీంతో ఏ బాధా లేదు. బ్రాకెట్లో పెట్టినా పని జరుగుతుంది, అసర్ట్ ఉన్నంతకాలం. నిన్న నేను అసర్ట్‌లన్నీ తీసేశాను.

నిన్న, ఎర్రప్ప ఫోన్ మీద ఫోన్ చేసి కుమారస్వామి సార్ తల తినేశాక. డబ్బా మాటిమాటికీ ఆగిపోతోందట, కరెంటు కాస్త తగ్గితే చాలు ఏదో ఒక అసర్ట్ అబద్ధం అనుకుని మగ్గాన్ని నిలబెట్టేస్తోంది, తెరమీద లైన్ నంబరు చూసి ఆడపిల్లలు ఫక్కున నవ్వి నా పేరు పెట్టి సబీనా అలిగింది అంటారట, అదే పేరు స్థిరపడిపోయింది, షెడ్డులో ఎవరి మగ్గం ఆగినా ఏమైందంటే సబీనా అలక. అలిగిన మొగుణ్ణి బతిమాలచ్చు గానీ అలిగిన డబ్బానెట్ల బతిమాలేది అని ఎర్రప్ప. సార్ నా దగ్గరికి వచ్చి, అమ్మా, ఆ అలకలు తీసెయ్ అన్నారు, పాపం గట్టిగా కూడా అనలేదు. తీయడం ఎంతసేపు. ఫైలు పైన ఒక్క లైను పెడితే చాలు, అసర్ట్ అనే పేరున్న ప్రతిచోటా ఏమీ చేయని సున్నా వచ్చి కూర్చుంటుంది, బ్రాకెట్లో ఉన్నదాన్ని కంపైలరు చూడను కూడా చూడదు. చిన్నగా, చురుగ్గా నడుస్తుంది, అలగదు. ఒక్క లైను పెట్టాను. బెంచి మీద మోటారు తిరగడం చూశాను, నా రెండు చేతులతో నేనే రెండు బటన్లూ నొక్కి చూశాను, తిరిగింది, తిరగక ఏం చేస్తుంది, వెనక బటన్ నొక్కకుండా చూడాలని తోచలేదు. మా వర్క్‌షాపు జాకీర్ ధర్మవరం పోయి ఈ పొద్దున షిఫ్టు మొదలవకముందే అన్ని డబ్బాల్లోకీ ఎక్కించాడు, ఎక్కించానక్కా అని మెసేజ్ కూడా పెట్టాడు, దానికి నేను బొటనవేలి బొమ్మ పెట్టాను.

బ్రాకెట్లో పెట్టి ఉంటే, ఈ పొద్దు పొద్దున్నుంచి ఎర్రప్ప షెడ్డులో ఏ మగ్గమూ ఎవరినీ చెయ్యి అని అడగడం లేదు. పవిత్ర నొక్కుతుంది, తిరుగుతుంది. భాను చెయ్యి లోపలుందా బయటుందా అన్నది డబ్బాకు పట్టదు.

భానుకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. షెడ్డులో ఫోన్లు క్యారియర్ సంచుల్లో పెట్టి గూట్లో వరసగా పెడతారు, మోగినా ఎవరికి వినపడుతుంది, తెలిసే మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. ఎర్రప్పది బిజీ. జాకీర్‌ది స్విచ్ ఆఫ్, మోటారుసైకిలు మీద వస్తుంటాడు, వాడి ఫోన్‌లో చార్జింగ్ ఉంటే సూర్యుడు పడమట పొడుస్తాడు. చౌడక్క నా మొహం చూసి కడుపునొప్పా అమ్మా అని అడిగింది. కాదని చెప్పి కుమారస్వామి సార్‌కు చేశాను. ఆయన మడకశిర దారిలో ఉన్నారట, గాలి హోరు, సంగతి చెప్పాను, నాకే అర్థం కానట్టు చెప్పాను, ఆయన మాత్రం అర్థం చేసుకున్నారు, ఆయనా ఒకప్పుడు ప్రోగ్రాంలు రాసినవారే.

"ఖాయంగా తెలుసునా?" అన్నారు.

"తెలీదు సార్. రెండు రకాలుగానూ గుర్తుకొస్తాండాది."

"ఖాయంగా తెలీకుండా షెడ్డంతా ఆపమంటే ఎర్రప్ప మన డబ్బాలన్నీ పీకి బజార్లో పెడతాడమ్మా. ఇప్పటికే మనమంటే మంటగా ఉండాడు. నేను తిరుక్కోని వర్క్‌షాపుకు పోయి ఫైలు చూసి చెప్తా. అంతదాకా ఓపిక పట్టు."

తప్పేముంది ఆ మాటలో. ఆ షెడ్డే మాకు మొదటి పెద్ద గిరాకీ, అది నిలబడితే వర్క్‌షాపు నిలబడుతుంది, నేనూ ఇంకో అరడజను మందీ నిలబడతాం, ఏమీ లేనిదానికి ఆపించి, తీరా చూస్తే రెండు లైన్లుగానే రాసి ఉంటే, ఆ పిల్ల ఉత్తపుణ్యానికి అలిగిందయ్యా అని ధర్మవరమంతా నవ్వుతుంది. ఓపిక పట్టాలి. పట్టాను. కిటికీ చువ్వలు లెక్కపెట్టాను. ఫోన్ తెర తుడిచాను. లేచి తలుపుదాకా పోయి మళ్ళీ వచ్చాను, నా చోట్లో యల్లప్ప కూర్చోబోయి నన్ను చూసి లేచాడు, కూర్చో పెద్దాయనా అని నేను నిలబడ్డాను, కూర్చోడం కన్నా నిలబడ్డమే మేలు. రెండు లైన్లు. ఒక లైను. భాను వేళ్ళు సన్నవి, అమ్మవీ నావీ అట్లా ఉండవు, పొడుగ్గా, కొనలు పలచగా, అందుకే తెగిన పోగు దానికి దొరికినంత తొందరగా ఇంకెవరికీ దొరకదు, పోగు కోసం వెతకదు, వేళ్ళే వెళ్ళి పట్టుకుంటాయి. పెళ్ళిచూపులవాళ్ళు ఎవరో ఆ వేళ్ళు చూసి ఉంగరం కొలత అక్కడే అడిగారు, ఈ పిల్లేమో ఉంగరం పెట్టుకుంటే పోగు తగులుకుంటాది నాకొద్దు అనేసింది. గాజులు మాత్రం వదలదు, ఎర్రవి, రెండు చేతులకూ నిండుగా. పోగు అతకడానికి ఎంతసేపు పడుతుంది దానికి. పవిత్రకు ఎంత ఓపిక ఉంటుంది. ముందున్నవాళ్ళకు వెనకున్నవాళ్ళు కనపడరు, మధ్యలో పట్టు పోగులు తెరలాగ దిగి ఉంటాయి, నొక్కేస్తుంది, ఎందుకంటే వెనక బటన్ ఒకటి ఉంది కదా, భాను నొక్కితే గానీ తిరగదు కదా అనే ధీమా, ఆ ధీమా ఇచ్చింది నేనే. బటన్ లేని రోజుల్లో అయితే వంగి చూసేది. నేను వంగి చూడడం మాన్పించాను, ఆ తర్వాత వాళ్ళ బదులు చూసేదాన్ని కూడా తీసేశాను.

కాదు, తీసేశానో లేదో తెలియదు. తెలియదు కదా, ఎందుకు ఇంత. బ్రాకెట్లో ఉన్నదాన్ని పని చేయించి జవాబు మాత్రం పట్టించుకోకుండా వదిలేసేటట్టు రాసుకోవచ్చు మాక్రోను, రాసి ఉంటే ఏ బాధా ఉండేది కాదు, రాయలేదు, అది మాత్రం ఖాయంగా తెలుసు, ఏమీ చేయని సున్నా అని వేళ్ళతో కొట్టినది గుర్తుంది. అమ్మకు చేస్తే. షెడ్డు మా ఇంటి వెనక వీధిలోనే. వద్దు, అమ్మకు చేయడమంటే షెడ్డు ఆపడమే, మా అమ్మ బీబీజాన్ సగం మాట విని ఇంట్లో కూర్చునే మనిషి కాదు, పైగా బీపీ. సార్ చూసి చెప్తారు. ఓపిక. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని బళ్ళో సామెతలు బట్టీపట్టించిన టీచరమ్మ మీద ఇప్పుడు కోపం వస్తోంది, ఇంకో సామెత దొరకలేదా ఆమెకు, ఏ చేతుల మాటా లేని సామెత.

పెనుకొండ కొండ కనపడింది. కొండమీద గోడ, గోడ మీద గోడ, కింద హైవే మీద లారీలు, కార్ల ఫ్యాక్టరీ బస్సులు, అందరూ ఎక్కడికో పోతున్నారు, మేం మాత్రం స్టేషన్‌లోకి ఈడ్చుకుంటూ వచ్చి నిలబడిపోయాం. ఎదుటినుంచి ఏదో బండి వస్తుందట, అది పోతే గానీ మాకు సిగ్నల్ లేదట. దిగి బస్సు పట్టుకుందామా, బస్టాండు దూరం, బస్సు ఎప్పుడో, పోనీ ఆటో, ధర్మవరం దాకా ఆటోనా, పిచ్చి. ఫోన్ చూశాను, సార్ నుంచి ఏమీ లేదు. సార్‌కు చేశాను, కవరేజీ బయట. భానుకు చేశాను, మోగుతోంది, మోగుతోంది అంటే గూట్లో సంచి వణుకుతోంది, అంతే.

యల్లప్ప దిగాడు, కిందనుంచి చేతులు చాచాడు, చౌడక్క మూటను తలుపుదాకా ఈడ్చి అంచు మీద పెట్టి పట్టుకుంది. పట్టుకున్నావా అంది. అదే సమయానికి మైకులో అనౌన్స్‌మెంట్ మొదలైంది, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. ఆయన ఏమన్నాడో, అసలు అన్నాడో లేదో, చేతులైతే మూటకిందే ఉన్నాయి, నాకు కనపడుతున్నాయి, చౌడక్కకు మూట అడ్డం కాబట్టి కనపడవు. పట్టుకున్నావా అని మళ్ళీ అడిగింది. ఎక్కేవాళ్ళు కింద గుంపుగా, దిగేవాళ్ళు వెనక వరసగా, వదులమ్మా, పట్టుకున్నాడు వదులు, ఏమమ్మా పొద్దుపోవాల్నా అని ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు, బ్యాగు తగిలించుకున్న ఒకాయన ఆమె భుజం మీదుగా మూటను నెట్టబోయాడు. ఆమె వదల్లేదు. నరాలు తేలిన చేతులు, వణుకుతున్నాయి బరువుకు, మొహం ఎర్రగా కంది ఉంది, వదల్లేదు.

"ఆయప్పను అననీప్పా," అంది వెనక్కు తిరక్కుండానే. "అనకుండా యాడ వదిలేది? నడుమెముక ఇరిగిన మనిషాయన."

అనౌన్స్‌మెంట్ ఆగింది. పట్టుకున్నా, అని కిందనుంచి వినపడింది. వదిలింది.

ఇంతే కదా. అసర్ట్ అంటే ఇంతే కదా, ఇది నేను బోర్డు మీద రాసి, వేలు ఆడించి, లూపులు చుట్టి చెప్పాను, సెమికోలన్ అందాలు చెప్పాను, అది ఏం చేస్తుందో మాత్రం నాకే ఎక్కలేదు. జవాబు రాకపోతే వదలకూడదు. పట్టుకుని ఉండొచ్చు అనేది జవాబు కాదు. రెండు లైన్లు రాసి ఉండొచ్చు అనేది జవాబు కాదు. ఖాయంగా తెలిస్తే ఆపు అంటున్నారు సార్, తిరగేసి అన్నారు, ఖాయంగా తెలిస్తేనే తిప్పాలి. నవ్వనీ ధర్మవరమంతా. డబ్బాలు పీకి బజార్లో పెట్టనీ, ఆ బజార్లోనే నిలబడి ఏరుకుంటాను. నాకు భయంగా ఉంది, ఉద్యోగం పోతుందని భయంగానే ఉంది, అయినా వేలు పోయి అమ్మ పేరు మీద నొక్కింది. ఒక్క రింగుకే ఎత్తింది.

"అమ్మా, చెప్పులేసుకో. ఎర్రప్ప షెడ్డుకు పో. మగ్గాలన్నీ నిలపమను, మెయిన్ తీసెయ్‌మను. నేను చెప్పినానని చెప్పు."

అవతల ఫ్రిజ్జు గుర్రుమనడం వినపడింది.

"భాను చెయ్యా?" అంది అమ్మ.

ఎట్లా తెలిసింది. ఎట్లా తెలుస్తుంది. "తెలీదమ్మా. కాకూడదనే," అన్నాను. ఫోన్ పెట్టొద్దు అని చెప్పాలనుకున్నాను, చెప్పేలోపే తలుపు చప్పుడు, గొళ్ళెం పెట్టిన చప్పుడు లేదు, వాకిట్లో చెంబు దొర్లిన చప్పుడు, చెప్పులు, చెప్పులు కాదు వట్టి కాళ్ళే, చెప్పులైతే టపటపమంటాయి. అమ్మ ఊపిరి. ఎవరో ఏమొదినా ఎక్కడికి అంటున్నారు, జవాబు లేదు. ఎదురు బండి వచ్చింది, మా పక్కనుంచి, పెట్టె తర్వాత పెట్టె, దాని రొదలో అమ్మ పోయింది, చెవిలోకి ఫోన్ గుచ్చుకునేంత నొక్కిపెట్టాను, రెండో చెవి మూసుకున్నాను, యా అల్లా ఈ బండికెన్ని పెట్టెలు. పోయింది. మా బండి కదిలింది. అమ్మ ఊపిరి ఉంది ఇంకా. దాని వెనక సన్నగా మగ్గాల చప్పుడు, వీధి మలుపులో మొదలవుతుంది అది, చిన్నప్పటినుంచి తెలుసు, మలుపు తిరిగితే పెరుగుతుంది, గేటు దగ్గర చెవులు పడతాయి, తర్వాత మాట వినపడదు. పెరిగింది. పెరిగింది. అమ్మ ఊపిరి దాంట్లో మునిగిపోయింది. ఏదో అరుస్తోంది అమ్మ, అరుస్తున్నట్టు తెలుస్తోంది గానీ మాట లేదు, టకటకటకటక తప్ప ఏమీ లేదు, నేను ఇక్కడ తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని ఆపండి ఆపండి అంటున్నాను, ఎవరితో అంటున్నాను, అందరూ నన్నే చూస్తున్నారు, చూడనీ. పెనుకొండ కొండ వెనక్కు పోతోంది. టకటకటకటక. ఎంతసేపు.

ఒకటి తగ్గింది. ఇంకొకటి. చప్పుడు పలచబడి, చివరకు ఒకే ఒక మగ్గం నిదానంగా రెండుసార్లు కొట్టుకుని, అదీ ఆగింది. ఇంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేను ఎప్పుడూ వినలేదు.

ముందు ఎర్రప్ప గొంతు, ఎవరు ఆపమన్నది అని, ఫోన్ లాక్కున్నట్టున్నాడు. నేనే ఆపమన్నాను, డబ్బాలో తప్పు ఉండొచ్చు, ఉంటే అది నేను చేసిన తప్పు, నేను వచ్చి చూసేదాకా ఒక్క మగ్గం కూడా తిప్పొద్దు అని చెప్పాను. ఉండొచ్చు ఏమిటి, ఉందా లేదా అన్నాడు. తెలీదు, అందుకే ఆపమన్నాను అన్నాను. ఆయన కుమారస్వామిని, నన్ను, మా వర్క్‌షాపును కలిపి ఒక మాట అన్నాడు, అనే హక్కు ఆయనకుంది, పడ్డాను. తర్వాత ఫోన్ చేతులు మారింది. భాను. నవ్వుతోంది.

"ఏమక్కా, మళ్ళా అలిగినావా? పొద్దున్నుంచి ఒక్కసారి గూడా అలగకుండా బాగ తిరుగుతాండె గదా. చానా బాగ చేసినావు ఈసారి. వెనక బటన్ నొక్కే పని గూడా ల్యాకుండా పాయ, పవిత్ర నొక్కితే చాలు, తిరుగుతాండాది. ఇందాక నేనింకా పోగు అతుకుతాండంగానే నొక్కేసింది దొంగముండ. రెండు గాజులు చిట్లినాయి, అంతే."

ఒక్కటే లైను. బ్రాకెట్లో బ్రాకెట్టు, చివర రెండు మూతలు పక్కపక్కన.

కడ్డీ పట్టుకున్న చోటే కూర్చుండిపోయాను, తలుపు దగ్గర, నేలమీద, చింతపండు మూట అంటిన జిగట మీద. భాను ఇంకా ఏదో చెప్తోంది, అమ్మ వట్టికాళ్ళతో వచ్చిందని, షెడ్డంతా చుట్టూ మూగిందని, అమ్మ తన చెయ్యి పట్టుకుని వదలడం లేదని, నలుగురిలో సిగ్గుగా ఉందని. నాకు అడగడానికి ఒక్కటే ఉంది, నా చేత్తో నేనే తీసేసినది.

"చెయ్యి?" అన్నాను.

"ఏమి?"

"చెయ్యి, భానూ?"

అవతల నవ్వు ఆగింది. ముందుగా వెనకనుంచి అమ్మ గొంతు, ఎవరూ అడగకుండానే, ఎన్నేళ్ళ అలవాటో, తీసినా అంది. ఆ తర్వాత నెమ్మదిగా, నాయనకు వినపడేటట్టు అన్నట్టు, భాను అంది.

"తీసినా అక్కా."